కప్పల లెక్క తేలేదెలా?

కోల్‌కతా చెరువుల్లో ఎటు చూసినా కనిపించే నీటి కప్ప అది. పెద్దపులినీ ఏనుగునూ లెక్కపెట్టే దేశంలో దాని వంతు ఇంకా సరిగ్గా రాలేదు. చెరువులు మాత్రం ఆగడం లేదు.

తూర్పు కోల్‌కతాలో చీకటి పడ్డాక చేపల చెరువు గట్టు మీద నిలబడి టార్చి వేస్తే ముందుగా కనిపించేవి కళ్లే. గుర్రపు డెక్క ఆకుల మధ్య జంటలు జంటలుగా మెరుస్తాయి. ఒళ్లంతా నీళ్లలో, కళ్లు మాత్రం పైన. గట్టు మీద ఒక్క అడుగు ముందుకు పడితే చాలు, ఆ జంటల్లో ఒకటి చటుక్కున లేస్తుంది. నీళ్లలో మునగదు. పిల్లలు వాటంగా విసిరిన పెంకు నీటిని తాకి తాకి లేచినట్టు నాలుగైదు గంతుల్లో అవతలికి వెళ్లి మళ్లీ తేలుతుంది. దాని చప్పుడుకు పక్కనున్నది, దాన్ని చూసి ఆ పక్కది. క్షణంలో గట్టు పొడవునా అదే అలజడి. నోటుపుస్తకం పట్టుకున్న పరిశోధకుడికి అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఇప్పుడు లేచినవి అయిదా, లేక ఒకటే అయిదుసార్లు లేచిందా?

ఇంగ్లిషులో దీన్ని స్కిటరింగ్ ఫ్రాగ్ అంటారు. బెంగాలీలు కట్‌కటి బ్యాంగ్ అంటారు. పుస్తకాల్లో దాని పేరు యూఫ్లిక్టిస్ సయనోఫ్లిక్టిస్. 1799లో జర్మన్ శాస్త్రవేత్త ష్నైడర్ ఆ జాతికి పేరు పెట్టారు. అంటే శాస్త్రానికి దానితో పరిచయం రెండు శతాబ్దాల పైమాటే. అయినా 2004లో ప్రపంచ ఉభయచరాల అంచనా తయారైనప్పుడు దాన్ని 'ఆందోళన అక్కర్లేని' జాతుల్లో చేర్చడానికి చూపిన కారణాలు మూడు. విస్తారమైన ప్రాంతంలో ఉంది. రకరకాల తావుల్లో బతుకుతుంది. సంఖ్య ఎక్కువే ఉంటుందని అనుకోవచ్చు. ఆ మూడోది లెక్క కాదు, ఊహ.

ఊహ తప్పని ఎవరూ అనడం లేదు. ఆ కప్ప నిజంగానే బోలెడుంది. కానీ బోలెడున్నది తగ్గడం మొదలైతే దాన్ని పట్టుకోవడానికి నిన్నటి అంకె ఒకటి చేతిలో ఉండాలి. కోల్‌కతా లాంటి నగరంలో ఆ అంకె విలువ రోజురోజుకూ పెరుగుతోంది. కప్ప ఉండే నీరు ఏటా కాస్త కాస్త తరిగిపోతుండటమే అందుకు కారణం.

నీళ్లే ఇల్లు

కప్పలన్నీ నీటి ప్రాణులే అనుకోవడం పొరపాటు. గోదురుకప్పలు ఏడాదిలో ఎక్కువ కాలం నేల మీదే గడిపి గుడ్లు పెట్టడానికి మాత్రం నీటికి వస్తాయి. చెట్ల మీద బతికే కప్పలూ ఉన్నాయి. స్కిటరింగ్ కప్ప అలా కాదు. తినడం, పిల్లలు పెట్టడం, దాక్కోవడం, అన్నీ నీళ్లలోనో నీటి అంచునో. వెనక కాళ్ల వేళ్ల మధ్య కొసదాకా పొర ఉంటుంది. కళ్లు తల మీదకు లేచి ఉంటాయి. నీటి పైన వాలిన పురుగునే కాదు, నీటి లోపల కదిలే దాన్ని కూడా పట్టగలదు. మగవి చిన్నవి, ఆడవి పెద్దవి. పెద్ద ఆడకప్ప కూడా మనిషి అరచేతిలో ఇమిడిపోతుంది.

వానల కోసం ఎదురుచూడకుండా ఏడాదిలో చాలా నెలల పాటు గుడ్లు పెట్టగలగడం దీని మరో బలం. మురుగు కలిసిన నీటినీ, కొంత ఉప్పదనం ఉన్న నీటినీ తట్టుకుంటుంది. ఈ ఓర్పే దాన్ని నగర జీవిగా మార్చింది. వీధి పక్క గుంట, ఆలయ కోనేరు, కాలేజీ ఆవరణలోని కొలను, పునాదుల కోసం తవ్వి వదిలేసిన గొయ్యి, ఏదైనా సరే.

అయితే ఈ ఓర్పులోనే ఒక మెలిక ఉంది. సున్నితమైన జాతులు నీరు పాడవగానే మాయమవుతాయి. ఓర్పున్నది చివరిదాకా ఉంటుంది. కాబట్టి ఒక కుంటలో ఈ కప్ప ఉందంటే ఆ నీరు బాగుందని అర్థం కాదు. అదీ తగ్గుతోందంటే మాత్రం వ్యవహారం బాగా ముదిరిందనే. కప్పలు రెండు విధాల దెబ్బ తింటాయి. చర్మంతోనూ శ్వాసిస్తాయి గనుక నీటిలో కలిసిన రసాయనాలు నేరుగా ఒంట్లోకి చేరతాయి. సగం బతుకు తోకకప్పగా నీటిలో, మిగతా సగం గట్టు దరిన గడుపుతాయి గనుక రెండింటిలో ఏది చెడినా ప్రమాదమే. ఐయూసీఎన్ ఆధ్వర్యంలో జరిగిన 2004 నాటి అంచనాలో దాదాపు మూడో వంతు ఉభయచర జాతులకు ముప్పు ఉందని తేలింది. 2023లో 8,000కు పైగా జాతులతో వెలువడిన రెండో అంచనాలో అది 41 శాతానికి చేరింది. వెన్నెముక ఉన్న ప్రాణుల్లో ఇంతగా దెబ్బతిన్న వర్గం మరొకటి లేదు.

ఒకటి చూస్తే ఎన్ని ఉన్నట్టు?

కప్పల సర్వే అనగానే వల తీసుకుని పట్టుకోవడమే అనిపిస్తుంది. నిజానికి అది సగం కంటే తక్కువ. ఒక చోట ఏయే జాతులున్నాయో జాబితా రాయడం ఒక పని. ఒక్కో జాతి ఎంత సంఖ్యలో ఉందో తేల్చడం వేరే పని. మొదటిది ఒక్క రాత్రిలో కావచ్చు. రెండోదానికి ఓపిక, పద్ధతి రెండూ కావాలి.

సాధారణంగా అనుసరించే పద్ధతి చూపుతో లెక్కింపు. గట్టు వెంట కొలిచిన దూరాన్ని, చెప్పుకోవాలంటే 100 మీటర్లను, తాడుతోనో గుర్తులతోనో నిర్ణయిస్తారు. చీకటి పడిన తర్వాత ఇద్దరు ఒకే వేగంతో, ఒకే దిశలో నడుస్తారు. ఒకరు టార్చి వేసి చెబుతుంటే మరొకరు రాస్తారు. వెనక్కి తిరగరు. ఎగిరి ముందుకు పడిన కప్ప ఎక్కడ దిగిందో కంటితో వెంబడిస్తారు. అప్పుడే రెండుసార్లు లెక్కించే తప్పు తగ్గుతుంది. ఫలితాన్ని 100 మీటర్లకు ఇన్ని అనో, ఒక మనిషి ఒక గంట వెతికితే ఇన్ని అనో రాస్తారు. అప్పుడు గరియాలోని కుంటనూ, ధాపా దగ్గరి భేరీనీ పోల్చి చూడవచ్చు.

ఇక్కడే రెండో చిక్కు. కనిపించినవి ఎన్నో తెలిసింది. కనిపించనివి? గుర్రపు డెక్క దట్టంగా ఉన్న చోట ఎక్కువ కప్పలు దాగి తక్కువ కనిపిస్తాయి. నున్నటి సిమెంటు గట్టు దగ్గర ఉన్నవన్నీ కళ్ల ముందే ఉంటాయి. రెండు చోట్లా పది చొప్పున కనిపిస్తే రెండూ సమానమని రాసుకోవడం పెద్ద పొరపాటు. అందుకే ఒకే చోటికి మూడు నాలుగు రాత్రులు వెళ్లి, ఒక కప్ప ఉంటే అది కంటపడే అవకాశం ఎంతో ముందు అంచనా కడతారు. వెన్నెల, వాన, గాలి, నీటి వేడి కూడా ఆ అవకాశాన్ని మారుస్తాయి గనుక అవన్నీ పట్టికలోకి ఎక్కుతాయి.

ఇంకాస్త గట్టి లెక్క కావాలంటే గుర్తు పెట్టి వదలడం ఉంది. ఉదాహరణకు ఒక కుంటలో తొలి రాత్రి 40 కప్పలను పట్టి, గుర్తుపెట్టి వదిలారనుకుందాం. కొద్ది రోజుల తర్వాత మళ్లీ 50 పడితే వాటిలో గుర్తున్నవి 10. అంటే పట్టుబడ్డ ప్రతి అయిదింటిలో ఒకదానికి గుర్తుంది. గుర్తు పెట్టినవి మొత్తం 40 కాబట్టి కుంటలో ఉన్నవి సుమారు 200. చేపల లెక్కకు ఎప్పటి నుంచో వాడుతున్న సూత్రమే ఇది. ఈలోగా బయటి కప్పలు వచ్చి చేరకూడదు, ఉన్నవి వెళ్లిపోకూడదు, గుర్తు చెరిగిపోకూడదు. వానాకాలంలో ఈ షరతులేవీ నిలవవు. అందుకే వర్షాలకు ముందో, తర్వాతో ఈ పని పెట్టుకుంటారు. ఒకప్పుడు గుర్తు కోసం కాలివేలి కొస కత్తిరించేవారు. కప్పకు హాని కలుగుతుందన్న అభ్యంతరంతో ఆ పద్ధతి తగ్గుతోంది. ఒంటి మీది మచ్చలను ఫొటో తీసి పోల్చడం, చర్మం కింద రంగు చుక్క ఎక్కించడం లాంటివి దాని స్థానంలో వస్తున్నాయి.

లెక్కతో పాటే తావు వివరాలు. నీటి లోతు, వేడి, ఆమ్లగుణం, గట్టు మట్టిదా సిమెంటుదా, నీటి మొక్కలు ఎంత మేర కమ్ముకున్నాయి, చేపలు పెంచుతున్నారా, దగ్గరి రోడ్డు ఎంత దూరం, రాత్రి దీపాల వెలుగు పడుతుందా. ఈ గళ్లు నిండితేనే కప్పల సంఖ్యకు అర్థం వస్తుంది. ఎక్కడ ఎన్ని ఉన్నాయన్నది మొదటి ప్రశ్న మాత్రమే. అక్కడే ఎందుకున్నాయన్నది చెరువును కాపాడాలనుకునేవారికి పనికొచ్చే ప్రశ్న.

మ్యూజియం చెరువు నుంచి

ఈ ప్రశ్నలు వేయడానికి దేశంలో కోల్‌కతాను మించిన నగరం లేదు. దేశంలోని జంతుజాలాన్ని నమోదు చేసే జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1916 జూలై 1న పుట్టింది ఇక్కడే. దాని కేంద్ర కార్యాలయం ఇప్పటికీ న్యూ అలీపూర్‌లో ఉంది. తొలి డైరెక్టర్ నెల్సన్ అన్నండేల్ స్కాట్లండ్ వాసి. 1904లో ఇండియన్ మ్యూజియంలో ఉద్యోగానికి వచ్చి, 1924లో ఈ నగరంలోనే కన్నుమూశారు. మారుమూల కొండలకే కాదు, మ్యూజియం ఆవరణలోని చెరువుకూ ఆయన దృష్టిలో అంతే విలువ. పక్కనున్న నీటిలో ఏముందో చూసి రాయడమే ఆయన పని. 1907లో ఆయన మొదలుపెట్టిన మ్యూజియం పత్రికలో నగరానికి దక్షిణాన ఉన్న పోర్ట్ కానింగ్ ఉప్పునీటి కుంటల జీవజాలం మీద ఆయన వ్యాసం వచ్చింది.

1918లో అదే పత్రికలో ఆయన బెంగళూరు సెంట్రల్ కాలేజీకి చెందిన సి.ఆర్. నారాయణరావుతో కలిసి దేశ మైదాన ప్రాంతాల తోకకప్పల మీద ఒక వ్యాసం రాశారు. తర్వాత 1932లో 'కరెంట్ సైన్స్' పత్రికకు తొలి సంపాదకుడైంది ఈ నారాయణరావే. ఆయన గౌరవార్థం ఒక పొదకప్పల ప్రజాతికి 2010లో రావోర్కెస్టిస్ అని పేరు పెట్టారు.

అప్పటి నుంచి జాబితా పెరుగుతూనే ఉంది. దేశంలో ఇప్పుడు తెలిసిన ఉభయచర జాతులు 450కి పైనే. అయితే పెరుగుతున్నది పేర్ల సంఖ్య. తలల సంఖ్య వేరు. పైగా పేరు కూడా స్థిరంగా లేదు. ఒకే జాతి అనుకున్న స్కిటరింగ్ కప్పలో నిజానికి అనేక జాతులు కలిసి ఉన్నాయని జన్యు పరీక్షలు చూపుతున్నాయి. 2015లో పరిశోధకులు బంగ్లాదేశ్‌లోని బారిసాల్ ప్రాంతపు కలస్‌గ్రామ్ కప్పను వేరే జాతిగా ప్రకటించారు. గంగా ముఖద్వారంలో పుట్టిన గీత కోల్‌కతా చెరువుల దాకా వస్తుంది. ఒక్కటే అనుకున్నది నాలుగైనప్పుడు ఒక్కోదాని ఇలాకా చిన్నదవుతుంది. 'అంతటా ఉందిలే' అన్న ధీమా కూడా దానితో పాటే చిన్నదవుతుంది.

మురుగులో ముత్యాలు

కోల్‌కతాలో నీటి కప్పలకు అతి పెద్ద ఆశ్రయం నగరానికి తూర్పున ఉంది. విద్యాధరి నది పూడుకుపోవడంతో ఒకప్పటి ఉప్పునీటి బీళ్లు ఎండుముఖం పట్టాయి. ఆ రోజుల్లోనే, 1930 ప్రాంతంలో, నగరపు మురుగునీటిని చెరువుల్లోకి మళ్లించి చేపలు పెంచడం అక్కడివారు నేర్చారు. ఆ చెరువులే భేరీలు. లోతు తక్కువ, ఎండ ఎక్కువ. మురుగులోని పోషకాలతో నాచు పెరుగుతుంది, నాచును తిని చేపలు పెరుగుతాయి. నీరు శుభ్రపడి కిందనున్న వరి పొలాలకు పారుతుంది. నగరం మురుగు శుద్ధి కోసం ఖర్చు పెట్టాల్సిన డబ్బు ఆ మేరకు మిగులుతోందని శానిటరీ ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ 1980ల నుంచి లెక్కలతో చూపించారు. 2018లో చనిపోయేదాకా ఆయన ఈ నేల కోసమే పోరాడారు.

1992లో 'పబ్లిక్' అనే పౌర సంస్థ వేసిన కేసులో కలకత్తా హైకోర్టు ఈ భూముల వినియోగం మార్చకూడదని తీర్పిచ్చింది. 2002 ఆగస్టు 19న 12,500 హెక్టార్ల ప్రాంతానికి రామ్‌సర్ గుర్తింపు దక్కింది. 2006లో రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసింది. ఇన్ని కంచెలున్నా ఆక్రమణలు, పూడ్చివేతల ఫిర్యాదులు ఆగలేదు. ఈఎం బైపాస్ పక్క నిలబడి చూస్తే నగరం ఎటు నడుస్తోందో తెలిసిపోతుంది.

కప్పల వైపు నుంచి చూస్తే భేరీ రెండంచుల కత్తి. అలల తాకిడికి మట్టిగట్టు కోసుకుపోకుండా చెరువు వారగా గుర్రపు డెక్కను వరసగా పెంచుతారు. స్కిటరింగ్ కప్పకు అంతకంటే అనువైన చోటు లేదు. ఆకు మీద కూర్చోవచ్చు, కింద దాక్కోవచ్చు, వాలిన పురుగును అందుకోవచ్చు. అయితే చేపపిల్లలను వదిలే ముందు చెరువును ఖాళీ చేసి ఆరబెడతారు. పనికిరాని చేపలను చంపడానికి ఇప్ప గింజల చెక్క వాడే అలవాటు చేపల పెంపకంలో ఉంది. మొప్పలతో శ్వాసించేవాటన్నిటికీ అది గండమే, తోకకప్పలకు కూడా. నర్సరీ చెరువుల్లో కప్పలు చేపపిల్లలను తింటాయన్న అనుమానం రైతుకు ఉండనే ఉంది. అంటే ఒకే భేరీలో ఒక నెల కప్పలు కిటకిటలాడవచ్చు, మరో నెల ఖాళీగా ఉండవచ్చు. ఏడాదిలో ఒక్కసారి వెళ్లి రాసిన అంకె ఇక్కడ ఎందుకూ కొరగాదు.

లెక్క ఆలస్యమైతే ఏమవుతుందో ఈ ప్రాంతానికి ఇదివరకే అనుభవం. 1965లో జెడ్‌ఎస్‌ఐ శాస్త్రవేత్త ఆర్.కె. ఘోష్ సాల్ట్ లేక్ బీళ్ల నుంచి నీటి ముంగిసను కొత్త జంతువుగా వర్ణించారు. అది ప్రత్యేక జాతా, మామూలు ముంగిసలో ఒక రకమా అన్న వాదన అలా ఉండగానే ఆ బీళ్లు బిధాన్ నగర్ కింద పూడిపోయాయి. హుగ్లీ ఒండ్రును గొట్టాల ద్వారా తెచ్చి పోసే పని 1960ల్లోనే మొదలైంది. దానికి మిగిలింది ఇప్పుడు ఈ భేరీల చుట్టుపక్కల రెల్లు, తుంగే.

బోదురుకప్ప చెప్పిన పాఠం

లెక్కలేనంత ఉన్నది కూడా తరిగిపోతుందనడానికి సాక్ష్యం కోసం దూరం వెళ్లనక్కర్లేదు. ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివిన పాత తరం తెలుగువారెవరికైనా 'రానా టైగ్రీనా' అన్న పేరు గుర్తుండే ఉంటుంది. డిసెక్షన్ ట్రేలో వెల్లకిలా పడుకోబెట్టి గుండుసూదులు గుచ్చిన కప్ప అదే. మన పల్లెల్లో బోదురుకప్ప. బెంగాలీలకు సోనా బ్యాంగ్, అంటే బంగారు కప్ప. తొలివానలకు మగకప్పలు నిమ్మపండు రంగుకు తిరిగి, గొంతు పక్కల నీలిరంగు తిత్తులు ఉబ్బించి అరుస్తాయి. 1802లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త దోదాన్ దాన్ని లోకానికి పరిచయం చేసింది బెంగాల్ కప్పతోనే. ఇప్పుడు దాని పేరు హోప్లోబట్రాకస్ టైగ్రినస్.

విదేశీ హోటళ్లకు కప్పకాళ్లు ఎగుమతి చేసే వ్యాపారం దాని మీద, దాని చుట్టమైన ఆకుపచ్చ నీటి కప్ప మీద నడిచింది. 1980ల తొలినాళ్లలో ఏడాదికి వేల టన్నుల కాళ్లు అమెరికాకు, ఐరోపాకు వెళ్లేవి. వానాకాలం రాత్రుల్లో, సరిగ్గా అవి గుడ్లు పెట్టే వేళ, లాంతర్లు పట్టుకుని పొలాల్లో పట్టేవారు. కాళ్లు తీసుకుని మిగతా ఒళ్లు పారేసేవారు. పురుగులను తినే కప్ప పోతే పురుగుమందుల ఖర్చు పెరుగుతుందని, ఎగుమతితో వచ్చే డాలర్లు ఆ మందుల దిగుమతికే పోతాయని ప్రకృతి ప్రేమికులు వాదించారు. బొంబాయికి చెందిన హుమాయున్ అబ్దులాలీ వారిలో ముందున్నారు. 1985లో ఈ రెండు జాతులూ సైటీస్ రెండో జాబితాలోకి వచ్చాయి. 1987లో భారత్ ఎగుమతిని నిషేధించింది. బంగ్లాదేశ్ అదే బాట పట్టింది. వ్యాపారం ఆగలేదు, ఇండోనేసియాకు మారింది.

కాలేజీ బల్ల మీద కోతలు ఆగడానికి ఇంకా చాలా కాలం పట్టింది. వాటిని దశలవారీగా మానేయమని యూజీసీ 2011లో సూచించి, 2014లో పూర్తిగా ఆపమంది.

ఆ మొత్తం వివాదంలో ఇరుపక్షాలకూ కొరత ఒక్కటే. పట్టక ముందు ఎన్ని ఉండేవి, పట్టాక ఎన్ని మిగిలాయి అన్నదానికి ఊరూరా తీసిన లెక్కలు లేవు. ఎగుమతి టన్నులు రేవుల్లో నమోదయ్యాయి గానీ పొలంలో మిగిలినవాటికి పట్టిక లేదు. వాదన నెగ్గింది, అంకె మాత్రం రాలేదు.

ఇదే కప్ప అండమాన్ దీవుల్లో మరో ముఖం చూపిస్తోంది. ప్రధాన భూభాగం నుంచి అక్కడికి చేరి, వేగంగా విస్తరిస్తోంది. దాని తోకకప్పలు స్థానిక జాతుల తోకకప్పలను తినేస్తున్నాయని పరిశోధకులు గమనించారు. ఒకచోట కాపాడాల్సినది మరోచోట అదుపు చేయాల్సినది. ఏది ఎక్కడన్నది లెక్క ఉంటేనే తెలుస్తుంది.

గట్టు మారితే కప్ప మారుతుంది

భేరీలను దాటి నగరంలోకి వస్తే కథ ఇంకొకటి. కోల్‌కతా పుట్టుకే చెరువుల మీద. పల్లపు నేలలో ఇల్లు కట్టాలంటే ముందు గొయ్యి తవ్వి ఆ మట్టితో మెరక చేసుకోవాలి. తవ్విన చోటు పుకూర్ అయ్యేది. స్నానం, వంట, చేపలు, పూజ అన్నీ దాంట్లోనే. కుళాయి నీరు వచ్చాక దానితో అవసరం తీరింది. భూమి ధర పెరిగాక అది అడ్డం అయింది.

పశ్చిమ బెంగాల్ లోతట్టు మత్స్య చట్టం 1984 నాటిది. 1993లో చేర్చిన నిబంధన ప్రకారం అయిదు కఠాలు, అంటే సుమారు 3,600 చదరపు అడుగులు, అంతకు మించిన నీటి వనరును పూడ్చడం నేరం. చట్టం బలమైనదే. కానీ కప్పల కోణంలో దాని గీత కింద ఉండిపోయేది చిన్న కుంటలు. పెద్ద చెరువులో కప్ప గుడ్లను, తోకకప్పలను వేటాడే చేపలు ఉంటాయి. చేపలు లేని చిన్న నీటిగుంటలే పిల్లలు బతికి బయటపడే చోట్లు. తొలివానకు గుడ్లు పెట్టే బోదురుకప్పకు అవి మరీ ముఖ్యం. చట్టం ముట్టని నీరే కప్పకు పురిటిల్లు.

మిగిలిన చెరువులకు 'సుందరీకరణ' ముప్పు. మట్టిగట్టు తీసేసి నిలువు సిమెంటు గోడ, పైన నడకదారి, చుట్టూ కంచె, రాత్రంతా దీపాలు. పటంలో చెరువు విస్తీర్ణం అంగుళం కూడా తగ్గదు. కానీ తోకకప్ప కాళ్లొచ్చి గట్టెక్కాలంటే వాలు కావాలి, వారగా గడ్డి కావాలి. నిలువు గోడ ఎక్కడం ఈ కప్పకు చేతకాదు. పురుగులూ మొక్కలూ లేని అంచు దానికి పనికిరాదు. ఉపగ్రహ చిత్రం చూసేవారికి చెరువు భద్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది. గట్టు దగ్గర టార్చి పట్టుకుని నిలబడినవారికే తేడా తెలుస్తుంది.

హైదరాబాద్ వాసులకు ఈ దృశ్యం కొత్త కాదు. రాతి కట్టుబడి, రెయిలింగు, సీతాకోకచిలుక బొమ్మలతో తీర్చిదిద్దిన చెరువులు అక్కడా ఉన్నాయి. కోల్‌కతా భేరీలకు రామ్‌సర్ గుర్తింపు వచ్చిన 2002 ఆగస్టు 19నే మన కొల్లేరుకూ అదే గుర్తింపు దక్కింది. రెండు చోట్లా చేపల చెరువులే కేంద్రబిందువు, పాత్రలు మాత్రం తారుమారు. కోల్‌కతాలో చేపల పెంపకం ఆ నేలను రియల్ ఎస్టేట్‌కు పోకుండా కాపలా కాస్తోంది. కొల్లేరులో చేపల చెరువులే సరస్సును మింగాయి. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట గట్లు తెగ్గొట్టాల్సి వచ్చింది. చేపల చెరువు మంచిదా చెడ్డదా అని గుండుగుత్తగా తేల్చడం కుదరదు. దాని గట్టు మీద ఏం బతుకుతోందో చూసి చెప్పాలి. అందుకు అత్యంత చవకైన కొలమానం కప్పే. మంచినీటి జీవుల అధ్యయనానికి జెడ్‌ఎస్‌ఐ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి రెండు నగరాల లెక్కలనూ పక్కపక్కన పెట్టడం అసాధ్యమేం కాదు.

దోమల సంగతి

కప్పలు పోతే మనిషికేం నష్టమన్న ప్రశ్నకు అందరూ చెప్పే జవాబు దోమలు. ఇక్కడా సికింద్రాబాద్, కోల్‌కతాల మధ్య ఒక బంధం ఉంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో. దోమకాటు ద్వారానే అది సోకుతుందని మరుసటి ఏడాది పక్షుల మీద నిరూపించింది కలకత్తాలో. డెంగీ రోజుల్లో ఆ నగరం దోమల గురించి మళ్లీ ఆందోళన పడుతోంది.

అయితే ఈ వాదనను అతిగా నమ్మితే ప్రమాదం. బోదురుకప్ప తోకకప్పలు దోమ లార్వాలను తినడం ప్రయోగశాలల్లో చూశారు. స్కిటరింగ్ కప్ప తోకకప్పలు ఎక్కువగా నాచూ కుళ్లిన పదార్థాలూ గీరుకు తింటాయి. పైగా డెంగీ దోమ గుడ్లు పెట్టేది పూలకుండీలో, పాత టైరులో, నీళ్ల డ్రమ్ములో. చెరువు కప్ప అక్కడికి రాదు. కప్ప ఉంటే డెంగీ రాదని చెప్పడం శాస్త్రం కాదు. చెప్పగలిగింది వేరు. గట్టు మీది పురుగులకూ, కప్పను తినే నీరుకట్టెకూ, గుడ్డికొంగకూ మధ్య కప్ప ఒక ముడి. అది ఊడితే పైవాటికి తిండి తగ్గుతుంది, కిందివాటికి అదుపు తగ్గుతుంది. ఆ ముడి ఎంత గట్టిగా ఉందో చెప్పేది మళ్లీ ఆ సంఖ్యే.

ఖర్చు లేని పని

ఈ సర్వేకు హెలికాప్టర్లు, కెమెరా ఉచ్చులు అక్కర్లేదు. రెండు టార్చిలు, కొలత తాడు, థర్మామీటరు, పట్టిక, మోకాలిదాకా బూట్లు చాలు. కావలసిందల్లా అదే గట్టుకు అదే పద్ధతిలో ఏటా మళ్లీ వెళ్లడం. ఒక కాలేజీ జువాలజీ విభాగం తన ఆవరణలోని కొలనులో పదేళ్లు ఈ పని చేస్తే పదేళ్ల రేఖ చేతికొస్తుంది. కోయడం మానేసిన కప్పను లెక్కపెట్టడం విద్యార్థులకు అంతకంటే మంచి పాఠం.

వానలు మొహం చాటేసిన ఏడు తెలుగు పల్లెల్లో రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్లు పోసేవారు. కప్పతల్లి అని దానికి పేరు. ఉత్తర బెంగాల్లో కప్పలకు పెళ్లి చేస్తారు. ఆ వేడుకలు పుట్టించినవారికి కప్ప దొరుకుతుందా అన్న అనుమానం ఎన్నడూ రాలేదు. చెరువు పక్కకు వెళ్తే చేతికి చిక్కేది.

జూన్ రెండో వారంలో రుతుపవనాలు కోల్‌కతాను తాకుతాయి. ఆ మొదటి రాత్రి భేరీ గట్ల మీద బోదురుకప్పల గోల చెవులు చిల్లులు పడేంతగా ఉంటుంది. అది విని కప్పలకేం కొదవ అనుకోవడం సులువు. స్కిటరింగ్ కప్ప మాత్రం వానకు ముందూ ఉంటుంది, వెనకా ఉంటుంది, అదే నీటిలో కళ్లు పైకి పెట్టుకుని. లెక్క మొదలుపెట్టాల్సింది అది అంతటా ఉన్న ఈ రోజుల్లోనే. అరుదైపోయాక మొదలుపెడితే పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.